మా గేటుకి వేపమండ

మొదటిసారి స్వైన్ ఫ్లూ వచ్చిన ఏడాది మా పిన్నికి జ్వరం తగిలింది. ఆమదాలవలసలో మా చర్చివాళ్ళంతా రొట్టె ప్యాకెట్లు, బత్తాయిలు పట్టుకుని పలకరించడానికి వెళ్ళారు. మంచం పక్కనే కూర్చుని, ఆమె చెయ్యి పట్టుకుని ప్రార్థన చేశారు. వారం తిరక్కుండా వెళ్ళినవాళ్ళ ఇళ్ళలో దగ్గులు మొదలయ్యాయి. వాళ్ళంతా కోలుకున్నారు. పిన్ని కోలుకోలేదు. ఆమె అప్పుడు కడుపుతో ఉంది.

కొన్నేళ్ళకి ఆ జ్వరం మళ్ళీ వచ్చిందని పేపర్లో చదివాను. అప్పటికి మా అక్క పురిటికి వచ్చి మా ఇంట్లోనే ఉంది. నేను ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు పూర్తిచేసి ఉన్నాను. కావలసినవన్నీ వరసగా అనుకుని తెచ్చిపెట్టాను: మాస్కులు, థర్మామీటరు, సబ్బులు, జ్వరమొచ్చినవాళ్ళకి విడిగా కంచం, గ్లాసు. వీధివైపు గది ఖాళీ చేయించాను. ఒక్కదానికే ఏర్పాటు లేదు. పలకరించడానికి వచ్చేవాళ్ళని ఎలా ఆపాలి? రావద్దనడం మా వైపు తిట్టడంతో సమానం.

భయపడ్డట్టే నాన్నకి జ్వరం వచ్చింది. ఆయన్ని వీధి గదిలో, అక్కని పెరటి గదిలో ఉంచాం. అమ్మ మాస్కు కట్టుకుని ఆయనకి అన్నం పెట్టేది, అక్కకి నేను అందించేవాణ్ణి. గొంతులోంచి తీసిన నమూనా విశాఖపట్నం వెళ్ళింది, ఫలితం ఇంకా రాలేదు. నాన్న సంఘపెద్ద. ఆదివారం ఆయన పేరున ప్రార్థన చేశారంటే మధ్యాహ్నానికి చర్చి మొత్తం మా ఇంట్లోనే ఉంటుంది. 'లోపలికి రావద్దు' అని కాగితం మీద రాసి గేటుకి అంటించాను. శనివారం చర్చివాళ్ళు ఇద్దరు అది చదివి, "ఇది మనకి కాదులే" అనుకుంటూ వచ్చేశారు.

వాళ్ళు వెళ్ళాక అక్క తలుపు సందులోంచి అడిగింది.

"ఒరే, నాకూ పిన్నిలాగే అవుద్దేట్రా?"



ఎదురింటి రైతుల పిల్లకి అమ్మవారు పోసినప్పుడు వాళ్ళు గుమ్మానికి వేపమండ కట్టారు. అది చూసి పాలవాడు కూడా గడప తొక్కలేదు. ఆదివారం తెల్లవారగానే ఒక మండ కోసి మా గేటుకి కట్టాను.

నాన్న కిటికీలోంచి చూశారు.

"సంఘపెద్ద ఇంటికి వేపమండేట్రా? నా మొహం ఎక్కడెట్టుకోను? తీసీ!"

"అక్క కోసం నాన్నా."

ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు.

ఆరాధన అయ్యాక అందరికంటే ముందు మా మేనమామ వచ్చాడు, వెనకే చర్చివాళ్ళు. మండ చూసి గేటు బయటే ఆగిపోయారు.

"ఏట్రా అల్లుడూ, ఎప్పుడు మతం మార్సీసారు?"

"అమ్మోరు కాదు మావా. ఆ ఫ్లూ జరమేమోనని భయం. ఇంట్లో అక్కుంది."

"ఆ ముక్క నోటితో సెప్పొచ్చు కదరా!"

"నిన్న రాసి మరీ అంటించాను. సదూకుని లోపలికొచ్చీసారు."

వెనక ఎవరో నవ్వారు. మావ నవ్వలేదు. పిన్ని ఆయన చిన్నచెల్లెలు. కాసేపు ఆ మండకేసి చూసి, రొట్టె ప్యాకెట్టు ప్రహరీ మీద పెట్టి, రోడ్డు మీదే నిలబడి ప్రార్థన మొదలుపెట్టాడు. మిగతావాళ్ళూ అక్కడే కళ్ళు మూసుకున్నారు.

ఫలితం వచ్చింది. ఆ జ్వరమే. మందులతో నాన్న మెల్లగా లేచి తిరిగారు. అక్క తుమ్మినా, గొంతు సవరించుకున్నా నేను థర్మామీటరుతో పరిగెత్తేవాణ్ణి. ఆమెకి ఏమీ రాలేదు.

ఇక చాలనుకుని మండ విప్పబోతుంటే అరుగు మీంచి నాన్న కేకేశారు.

"ఒరే, దానికింకా పురుడవ్వలేదు కదరా! ఆ మండెలాగూ ఎండిపోనాది, పచ్చిది తెచ్చి కట్టు."