అడిగి కొయ్యండి

మా అత్తకు పుట్టినప్పుడు పెట్టిన పేరు ఒకటి ఉండేది గానీ, దాన్ని పలికినవాళ్ళను నేను చూడలేదు. పెద్దలకూ పిల్లలకూ ఆవిడ కత్తెరత్తే. బజారులో మేడ మీది బట్టలు కుట్టే షాపులో గుడ్డ కత్తిరించే పని ఆవిడది. పొడవాటి బల్ల, దాని అంచులు గుడ్డ రాపిడికి నున్నబడి అద్దంలా మెరిసేవి. గుడ్డ పరిచి, సుద్దముక్కతో గీతలు గీసి, కత్తెర అందుకునే ముందు ఆవిడ కొలతలు పైకి చదివేది. మిషను దగ్గర కూర్చున్న మాస్టరు అవి విని, "సరే, కొయ్యి" అనాలి. ఆయన ఫోన్‌లో ఉంటే ఫోన్ అయ్యేదాకా ఆగేది. భోజనానికి వెళ్తే వచ్చేదాకా ఆగేది.

"కుట్టు తప్పితే విప్పి మళ్ళీ కుడతారు. కోత తప్పితే ఏం చేస్తార్రా?" అనేది నాతో.

బడి యూనిఫారాలు కుట్టే హడావుడిలో ఒకరోజు విరిగిన సూదిముక్క ఆవిడ కుడిచేతి చూపుడువేలి మొదట్లో దిగింది. లాగి పారేసి, పీలిక చుట్టుకుని మళ్ళీ పనిలో పడింది. వేలు వాచింది. నిగనిగలాడింది. కత్తెర రింగులో పట్టనంతగా ఉబ్బాక కూడా "చన్నీళ్ళలో పెడితే అదే దిగుతుంది" అంటూ రోజులు నెట్టింది. అదే షాపులో ఇస్త్రీ చేసే మా మావయ్య చూసి చూసి, ఎడమచెయ్యి పట్టుకుని ఆస్పత్రికి లాక్కెళ్ళేసరికి చీము అరచేతిలోకి దిగిపోయింది.

"తెరిచి కడగాలి," అన్నాడు ఆపరేషను చేసే డాక్టరు. "లోపల ఎంత పాడైందో చూస్తే గానీ తెలీదు. వేలు తీసెయ్యాల్సి వచ్చినా రావచ్చు."

"తియ్యాల్సొస్తే నన్నడిగి తియ్యండి."

"అప్పటికి మీరు మత్తులో ఉంటారు కదమ్మా."

"అయితే నాకా మత్తు వద్దు."

మావయ్య తల పట్టుకున్నాడు. "హాయిగా నిద్రపోవే. ఆ నోటికన్నా కాసేపు సెలవు దొరుకుతుంది," అన్నాడు. ఎప్పుడూ అయితే దానికి తిరుగు సమాధానం ఠక్కున వచ్చేది. ఆ రోజు రాలేదు. అప్పుడు తెలిసింది ఆయనకు, మనిషి ఎంత హడలిపోయి ఉందో.

చివరికి మత్తు డాక్టరమ్మ దారి చెప్పింది. భుజం దగ్గర సూదిమందు ఇస్తే చెయ్యి ఒక్కటే మొద్దుబారుతుంది, మనిషి మెలకువగానే ఉంటుంది. భయమేస్తే చెప్పాలి, కునుకు పట్టడానికి ఇంకొకటి ఇస్తుంది. డాక్టరు కూడా ఒప్పుకున్నాడు. "సరే, మిమ్మల్ని అడగందే వేలు తియ్యను."

లోపల చలి. నెత్తిన పెద్ద దీపం. సూది పడ్డాక చెయ్యి ముందు వెచ్చబడింది, తర్వాత చీమలు పాకినట్టయింది, తర్వాత ఎవరిదో మూట మోస్తున్నట్టు బరువెక్కింది. ఆవిడ మొహానికీ చేతికీ మధ్య ఆకుపచ్చ గుడ్డ ఒకటి అడ్డం కట్టారు. అత్త భయపడలేదు. ఎందుకంటే చెయ్యి తన గుండెల మీదే, వేళ్ళు ముడుచుకుని ఉన్నట్టు స్పష్టంగా తెలుస్తోంది. ఐదువేళ్ళూ ఉన్నాయి. వాటిని లోలోపల ఒక్కొక్కటే తడుముకుంటూ పడుకుంది.

కాసేపటికి సిస్టర్ ఆ గుడ్డ సరిచెయ్యడానికి పైకెత్తింది. పక్కన చిన్న పలక మీద చాచి పెట్టిన చెయ్యి ఒకటి కనపడింది. మోచేతి దాకా గోధుమరంగు మందు పూసి ఉంది. ఎవరిదో పాపం అనుకుంది అత్త. ఆ చేతి మీద ఇస్త్రీపెట్టె తగిలి కాలిన మచ్చ కనపడింది. అది తన మచ్చ.

గుండెల మీదికి చూసుకుంది. దుప్పటి తప్ప ఏమీ లేదు.

"డాక్టరమ్మా! నా చెయ్యి ఇక్కడ ఉంది కదా, అక్కడికెలా వెళ్ళింది?"

"కంగారు పడకండమ్మా. మొద్దుబారే ముందు చెయ్యి ఎలా ఉందో మెదడు అలాగే అనుకుంటూ ఉంటుంది. చాలామందికి ఇంతే."

"అంటే వేలు పోయినా నాకు ఉన్నట్టే తెలుస్తుందా?"

డాక్టరమ్మ చూపు పక్కకి తిప్పుకుంది. అత్తకు అది చాలు. ఇంక దేన్ని నమ్మాలి? కంటికి గుడ్డ అడ్డం. చెయ్యి అబద్ధం చెబుతోంది. మిగిలింది చెవి ఒక్కటే. కళ్ళు మూసుకుని గుడ్డ అవతలి చప్పుళ్ళ మీదే ప్రాణం పెట్టుకుంది. నీళ్ళు పోస్తున్నారు. పళ్ళెంలో ఏదో పెట్టారు. ఎవరో దగ్గారు.

అప్పుడు కత్తెర పలికింది.

ఏ కత్తెర ఏ గుడ్డ మీద ఎలా పలుకుతుందో ఆవిడ కళ్ళు మూసుకుని చెప్పగలదు. నూలు వేరు, పట్టు వేరు, నాలుగు మడతలు వేసిన దళసరి గుడ్డ వేరు. ఇది వాటిలో ఏదీ కాదు. తడిగా, మెత్తగా, మధ్యలో కాస్త మొరాయించి, పుటుక్కున తెగింది. గుడ్డ కాని మెత్తటిది ఆ బల్ల మీద ఇంకేముంటుంది?

"కోసేశారు!" అని కేక పెట్టింది. "అడుగుతానని అడక్కుండా కోసేశారు! వదలండి నన్ను, మీరు మనుషులేనా!"

లేవబోయింది. ఎడమచేత్తో గుడ్డ లాగబోయింది. సిస్టర్ భుజాలు పట్టుకుంది. డాక్టరమ్మ కునుకు మందు అందుకోబోతే, "అది నా ఒంట్లోకి ఎక్కిందంటే చూడండి, ఊరుకునేది లేదు" అని ఏడుస్తూనే బెదిరించింది. చివరికి అవతలి నుంచి ఇంకో సిస్టర్ కత్తెరతో సహా ఒక వస్తువు పైకెత్తి చూపించింది. సన్నటి రబ్బరు గొట్టం ముక్క. చీము బయటికి రావడానికి పెట్టేదట. కొలతకు తెంచింది, అంతే.

జన్మలో రబ్బరు కోసిన చెయ్యి కాదు అత్తది. దిండు మీద తల వాల్చేసి, ఊపిరి అందక ఎగపోస్తూ, "నాయనా, బతికించారు" అంది.

ఆ మాట ఇంకా నోట్లో ఉండగానే గుడ్డ మీంచి డాక్టరు మొహం కనపడింది.

"అమ్మా, అడగమన్నారు కాబట్టి అడుగుతున్నా. చూపుడువేలికి నెత్తురు అందడం లేదు. లోపలంతా కుళ్ళిపోయింది. తీసేస్తే మిగతా చెయ్యి దక్కుతుంది. ఉంచితే అరచెయ్యి మొత్తానికి ముప్పు."

"ఉంచితే బతుకుతుందా?"

"నేనైతే ఉంచను."

"మీ సంగతి కాదు బాబూ, వేలి సంగతి చెప్పండి."

"బతకదమ్మా."

పెళ్ళికి ముందు ఆవిడను ఎవరూ అడగలేదు. చదువు మాన్పించినప్పుడు అడగలేదు. ఉన్న ఇల్లు ఖాళీ చేసి ఈ వీధికి వచ్చినప్పుడు కూడా సామాను బండి ఎక్కాకే తెలిసింది. ఇప్పుడు తెల్లటి దీపం కింద నలుగురు పని ఆపి, ఆవిడ నోటి వైపు చూస్తున్నారు. ఆ నోటికి మాట రావడం లేదు.

"మా ఆయన్ని అడగండి," అంది చివరికి.

సిస్టర్ బయటికి వెళ్ళి వచ్చింది. "మీ ఇష్టమేనటమ్మా. మిమ్మల్నే అడగమన్నారు."

"ఇన్నేళ్ళూ ఎక్కడికి చచ్చింది నా ఇష్టం!" అని అరిచింది అత్త. సిస్టర్ నవ్వు ఆపుకోలేక మొహం తిప్పుకుంది. అరిచాక పైదీపం వంక చూస్తూ కత్తెర పట్టే తీరు తలుచుకుంది. బొటనవేలు పై రింగులో ఉంటుంది. మధ్యవేలు, ఉంగరపు వేలు కింది రింగులో. కత్తెర వంగకుండా దారి చూపేది చూపుడువేలు. దారి చూపేది లేకపోతే గీత మీద నడుస్తుందా?

"తియ్యండి," అంది.

"వినపడలేదమ్మా," అన్నాడు డాక్టరు.

రెండోసారి అనాల్సి వచ్చింది. అని, డాక్టరమ్మ చెయ్యి పట్టుకుని, "ఇప్పుడివ్వు తల్లీ ఆ మందు. ఆ చప్పుడు వినలేను," అంది.

మెలకువ వచ్చేసరికి వార్డులో ఉంది. కట్టుకట్టిన చెయ్యి దిండు మీద. పక్కన బల్ల మీద మావయ్య.

"తియ్యమని నువ్వెందుకు చెప్పలేదు?" అంది.

"నేను చెబితే జన్మంతా నన్నే తిడతావుగా."

"తిట్టుకోడానికి మనిషన్నా ఉండేవాడు కదయ్యా. ఇప్పుడు ఎవర్ని తిట్టుకోను?"

ఆవిడకు తిమ్మిరి దిగుతోంది. నొప్పి మొదలైంది. అది ఎక్కణ్ణించి వస్తోందో, ఉన్న వేళ్ళలోంచో లేని వేల్లోంచో తెలియక ఆవిడ పెదవి కొరుక్కుంటోంది. ఆయన బల్ల ఇంకాస్త దగ్గరికి జరుపుకున్నాడు.

"తిట్టు," అన్నాడు. "నేనే తియ్యమన్నాననుకో."

ఆవిడ నమ్మనట్టు ఆయన మొహంలోకి చూసింది.

"నా వేలు ఎవర్నడిగి తీయించావయ్యా?" అంది. "ఎవర్నడిగావు?"

ఆయన తల వంచుకున్నాడు. "తప్పయింది," అన్నాడు. ఆవిడ మొదలుపెట్టింది. పెళ్ళినాటి నుంచి ఒక్కొక్కటే లాగి అడుగుతూ పోయింది. వార్డులో మంచాల మీదివాళ్ళంతా ఇటు తిరిగి వింటున్నారు. సిస్టర్ వచ్చి, ఒక క్షణం నిలబడి, వెనక్కి వెళ్ళిపోయింది.