మా మరిది పోలికల పుస్తకం

రెండు వస్తువులు కంటబడితే పోల్చకుండా వదలడు మా మరిది. ఒకే కుండలోంచి రెండు గ్లాసుల నీళ్ళు ముంచిస్తే, రెండూ తాగి, "ఎడమచేతిది కాస్త నయం వదినా" అన్న ఘనుడు. చేసేది కుట్టుపని. శనివారం సాయంత్రాలు మా చర్చిలో యువజన కూటం నడుపుతాడు.

ఆ కూటానికి వచ్చేవాళ్ళు నలుగురికి పడిపోయారు. "నెలాఖరుకి పదిమంది లేకపోతే మూసేద్దాం" అన్నారు పాస్టరుగారు.

"మూయనివ్వను. మిగతా చర్చిల వాళ్ళు పిల్లల్ని ఎలా నిలబెట్టుకుంటున్నారో పోల్చి చూస్తాను" అన్నాడు మరిది.

ఇక ఒక నోటు పుస్తకం చంకన పెట్టుకుని తిరగడం మొదలు. ఒకచోట గిటారు, డ్రమ్స్. ఒకచోట ఆటలు. ఇంకోచోట బైబిలు వాక్యాలు కంఠస్థం. వచ్చి మిషను తొక్కుతూ తీర్పులు చెప్పేవాడు.

"డ్రమ్స్ దగ్గర ఊపు ఎక్కువ, ప్రార్థన తక్కువ. కంఠస్థం దగ్గర జ్ఞాపకం ఎక్కువ, నవ్వు తక్కువ."

"మరి ఆటల దగ్గర?"

"నాకు మోకాలి నొప్పి ఎక్కువ."

"అవన్నీ సరే, ఒక్కరినైనా వెనక్కి తెచ్చావా?"

"పోలిక పూర్తికాలేదు వదినా."

విషయం తెలిసేదాకా నేను ఊరుకోలేను. అతను గుండీల కోసం లోపలికెళ్ళగానే పుస్తకం తెరిచాను. పద్ధతుల గురించి రెండు ముక్కలే. తక్కిందంతా మనుషులే.

"డ్రమ్స్ చోట: బేకరీ వాళ్ళమ్మాయి. మన దగ్గర పెదవి విప్పని పిల్ల, ఇక్కడ గొంతెత్తి పాడుతోంది. వెనక్కి పిలవకూడదు."

"ఆటల చోట: మన కవలలు. హాయిగా ఉన్నారు. పిలవకూడదు."

"ఎక్కడికెళ్ళినా గుమ్మం దాకా వచ్చి తిరిగిపోతున్నవాళ్ళు: నర్సింగు చదివే పిల్ల, నత్తి ఉన్న ఎలక్ట్రీషియన్, ఇంకో ముగ్గురు. వీళ్ళని అడగాలి."

అడిగాడు. పని ముగించుకుని ఇంటింటికీ వెళ్ళి అడిగాడు. రానన్నవాళ్ళింటికి మళ్ళీ వెళ్ళాడు.

నెలాఖరు శనివారం పాస్టరుగారు తలలు లెక్కపెట్టారు. తొమ్మిది. నేను వెళ్ళి పదో కుర్చీలో కూర్చున్నాను.

"అమ్మా, ఇది యువజన కూటం."

"తెలుసండి. మొదలుపెట్టమనండి."

పాటా లేదు, ఆటా లేదు. ఆ ఎలక్ట్రీషియన్ ఒక్క వాక్యం చదవడానికి ఐదు నిమిషాలు పట్టింది. ఎవరూ మాట అందివ్వలేదు, ఎవరూ కదల్లేదు. ముగించి తలెత్తాక, రెండోది కూడా తనే చదువుతానన్నాడు.

కూటం అయ్యాక పాస్టరుగారు మరిదిని అడిగారు. "ఇదేం పద్ధతయ్యా? మిగతావాటికంటే నయమేనా?"

మరిది తన పుస్తకం పేజీలన్నీ తిరగేశాడు. "చెప్పలేనండి. పోల్చడానికి ఇలాంటిది ఇంకోటి దొరకలేదు."

పాస్టరుగారు నవ్వి, హాలు తాళంచెవి అతని చేతిలోనే పెట్టి వెళ్ళిపోయారు. మా మరిది వెంటనే జేబులోంచి ఇంటి తాళంచెవి తీసి, రెండూ పక్కపక్కన పెట్టి చూసుకుంటూ నిలబడ్డాడు.