శుక్రవారం రెండున్నరకు భూగోళం

కార్తీక పౌర్ణమి వెళ్లిన మర్నాడు, శుక్రవారం, మధ్యాహ్నం సరిగ్గా రెండున్నర. పిల్లలు అన్నం తిని, కంచాలు కడుక్కుని వచ్చి కూర్చున్నారు. నేను గోడకు భారతదేశం పటం తగిలించి, కర్ర పట్టుకుని నిలబడ్డాను. అప్పుడే బడి గేటు దగ్గర ఫోన్ మోగింది.

ముందు నా సంగతి చెప్పాలి. శ్రీరాంపూర్‌లో బొగ్గుబాయి పని చేసే రోజుల్లో, పెళ్లయి పిల్లలు పుట్టాక, రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి. పటం చూసి ఏది ఎక్కడుందో చెప్పడం వచ్చేసరికి జుట్టు నెరిసింది. రిటైరై ఊరికొచ్చి చూస్తే మా ప్రైమరీ బడిలో ఐదు తరగతులకూ ఒక్కతే మేడం. కరీంనగర్ నుంచి బస్సులో వస్తుంది. నాలుగో తరగతికి ఒక పీరియడ్ నేను చెబుతానని అడిగాను. ఆమె మన దేశంలోని ప్రాంతాల పాఠం నా చేతిలో పెట్టింది. ఖాళీగా ఉన్నది శుక్రవారం అన్నం తర్వాతి పీరియడ్ ఒక్కటే అంది.

అది ఎందుకు ఖాళీగా ఉందో తర్వాత తెలిసింది. మస్కట్‌లో శుక్రవారం సెలవు. మా ఊరి తండ్రుల్లో సగం మంది అక్కడే. వాళ్లు బట్టలు ఉతుక్కుని, కూర వండుకుని, తీరుబడిగా ఫోన్ చేసేసరికి మనకు రెండున్నర అవుతుంది. తల్లులు ఫోన్లు పట్టుకుని గేటు దగ్గరికి వస్తారు. పిల్లలు ఒక్కొక్కరే లేచి పోతారు. హిమాలయాలు మొదలుపెట్టినప్పుడు నిండుగా ఉన్న గది దక్కన్ పీఠభూమికి వచ్చేసరికి సగం ఖాళీ. కూర్చున్నది పీఠభూమి మీదే, అదేమిటో మాత్రం ఒక్కరికీ పట్టదు.

మిగిలిన వాళ్లతోనైనా సుఖం ఉందా? ఎడారి ఎక్కడుందిరా అంటే గదంతా ఒక్క గొంతుతో మస్కట్ అంటుంది. అది మన దేశం కాదు అంటే ఒక పోరడు, మరి మా బాపు మనోడు కాదా తాతా అని అడిగాడు. అందరూ పకపకా నవ్వారు. పటం గీయమంటే పడమటి తీరం పక్కన, సముద్రంలో ఇంకో ముక్క గీసి, మస్కట్ అని రాసి, దానికీ రంగేస్తారు. చెరిపిస్తే మళ్లీ వేస్తారు. మేడానికి చెబితే ఆమెకూ నవ్వే. చిన్నపిల్లలు, పోనియ్యి తాతా అంది. నాకు ఒళ్లు మండింది.

మంటంతా నిజానికి ఒక్క పిల్ల గురించి. రెండో వరుసలో కూర్చుంటుంది. తండ్రి మస్కట్‌లో సెంట్రింగ్ పని, తల్లి ఇంట్లో బీడీలు చేస్తుంది. మా బడిలో ఐదు దాకే ఉంది. పై చదువుకు పెద్ద రోడ్డు దాటి నడిచి పోవాలి, బస్సు లేదు. గురుకులంలో సీటు వస్తే పిల్ల చదువుతుందని, రాకపోతే తన పక్కన చాట పట్టుకుని కూర్చుంటుందని తల్లి నా మొహం మీదే చెప్పింది. సీటు కోసం పెట్టే పరీక్షలో ఈ పాఠం నుంచీ అడుగుతారు. ఈ పిల్ల పటంలో చూస్తే అందరి పటాల్లో కంటే మస్కట్ పెద్దది. గుజరాత్ కంటే పెద్దది.

అందుకే ఆ శుక్రవారం తలుపుకు అడ్డంగా నిలబడ్డాను.

మోగిన ఫోన్ పట్టుకుని వచ్చింది ఆ పిల్ల తల్లే. బిడ్డను పంపమంది. పంపను అన్నాను. వారానికి ఒక్కసారి దొరుకుతాడు మామా అని బతిమాలింది. అక్కడ రూము నిండా మనుషులట, రాత్రి పూట మాట్లాడితే పక్కవాళ్లు తిడతారట. నేను వినలేదు. ఆమె చేతిలోంచి ఫోన్ లాక్కున్నాను. తెర మీద తండ్రి, తడి తల, బనీను, వెనక తీగ మీద ఆరేసిన బట్టలు.

"నీ బిడ్డకు సీటు గావాల్నా, నీకు ఫోన్ గావాల్నా?" అన్నాను.

అతను ముందు పరాచికమనుకుని నవ్వాడు. నేను విడమరిచి చెప్పాను. పరీక్ష ఉందని, పాఠం ఉన్నది ఈ ఒక్క గంటేనని, నీ బిడ్డ నువ్వు ఉన్న చోటునే మన దేశపు ఎడారి అంటోందని అన్నీ చెప్పాను. అతని నవ్వు ఆగిపోయింది. వెనకాల ఎవరో గిన్నెలు తోముతున్న చప్పుడు.

"మన దేశంల గూడ ఎడారి ఉన్నదా కాకా?" అని అడిగాడు.

ఉంది అన్నాను.

"నాకెరుక లేదు. ఊరు, ఎయిర్‌పోర్టు, గీ క్యాంపు. గంతే నేను జూసింది. పరీక్ష అయ్యేదాక శుక్రారం ఫోన్ జెయ్య. దానికి జర మంచిగ జెప్పు."

పెట్టేశాడు. బిడ్డను ఒకసారి చూపించమని కూడా అడగలేదు.

పిల్ల లేచి వచ్చింది. నా చేతిలో కర్ర గుంజుకుంది. పటం మీద టకటకా కొట్టుకుంటూ పోయింది.

"మీద హిమాలయాలు. దాని కింద మైదానం. గీడ రాజస్థాన్, థార్ ఎడారి. నడుమ పీఠభూమి, మనమున్నది గిండ్లనే. గిటు తీరం, గటు తీరం. గవి దీవులు. అన్నొస్తయి నాకు. ఇగ ఫోనియ్యి."

మరి ఇన్ని వారాలు మస్కట్ ఎందుకు గీశావే అని అరిచాను.

"పటం బాపుకు సూపెట్టాలె గదా. దాంట్ల బాపు లేకుంటె ఎట్ల?"

తల్లి మళ్లీ ఫోన్ కలిపింది. మోగింది, ఎత్తలేదు. ఇంకోసారి కలిపింది. మాట ఇచ్చాడు కదా, ఎత్తలేదు.

నేను చేసింది తప్పని ఇప్పటికీ అనుకోను. సీటు ముఖ్యం. అయినా వచ్చిన పాఠం వచ్చని ఆ పిల్ల ఒక్క ముక్క నాకు చెబితే ఏం పోయేది? తల్లిదీ అదే తీరు, సీటు అంటుంది, శుక్రవారం కాగానే ఫోన్ పట్టుకుని వస్తుంది. తర్వాత నేనే మెత్తబడి, ఫోన్ చేస్తే చేయమను అని ఆమెతో కబురు పంపాను. పరీక్ష కానియ్యి అని మెసేజ్ పెట్టాడట. పరీక్ష ఇంకా కాలేదు. పిల్ల ప్రతి శుక్రవారం వచ్చి కూర్చుంటుంది. అడిగినదానికల్లా తప్పు లేకుండా చెబుతుంది, నా మొహం చూడకుండా చెబుతుంది. ఆ పిల్లకు చెప్పాల్సింది అయిపోయాక కూడా పీరియడ్ మిగిలే ఉంటుంది. అదేం చేసుకోవాలో నాకు తోచదు.

ఆ రోజు అక్కడ ఉన్నవాళ్లు: ఆ పిల్ల, తల్లి, ఇంకా ఫోన్ రాక కూర్చుని ఉన్న నాలుగో తరగతి పిల్లలు, నా అరుపు విని ఐదో తరగతిని వదిలేసి వచ్చిన మేడం, చేతులు తుడుచుకుంటూ కిటికీలోంచి చూసిన వంటామె, నేను. పెట్టేసే దాకా తండ్రి.