నవ్వుల సినిమాలో కారిన కన్నీళ్ళు

సినిమా బాగుందో లేదో చెప్పడానికి మూడో తరగతి చదువు చాలు. ఈ ఏడాది మా మనవరాలు ఫోనులో టికెట్లు తీసి నన్ను నరసరావుపేటలో నాలుగు సినిమాలకు తీసుకుపోయింది.

మొదటిది తండ్రీకొడుకుల కథ. మూడు గంటలసేపు ఇద్దరూ మాట్లాడుకోరు. ఎందుకో తీసినవాడికే తెలియాలి. ఆ ఇంట్లో మనిషి లేని గదిలో కూడా ఫ్యాను తిరుగుతానే ఉంది. దాన్ని ఆపే దిక్కు లేదు గానీ అందరూ తెగ బాధపడ్డారు. రెండోది రైతు కథ. సినిమా అయిపోయిందాకా ఆ రైతు పంచె ఇస్త్రీ నలగలా. మిరపచేలో దొర్లి పాట పాడాడు. మొక్కలెన్ని విరిగినయ్యో ఒక్కళ్ళూ అడగలా. మూడోది కోర్టు కథ, పర్వాలేదు. లాయరమ్మ తక్కువ మాట్లాడింది.

మూడింటికీ హాలంతా ముక్కులు చీదింది. నా కంట్లో చెమ్మ కూడా లేదు. టికెట్టు కొనుక్కొని మరీ ఏడవడం కన్నా బుద్ధితక్కువ పని లేదని మిర్చి షెడ్డులో అందరికీ చెప్పేదాన్ని.

షెడ్డులో మిరపకాయలకు ముచ్చికలు, అదే తొడిమలు, తీసే ఆడవాళ్ళందరిలోకీ నేనే పెద్దదాన్ని. నేను బాగుందంటేనే వాళ్ళు సినిమాకు పోతారు. పని అయినాక చేతులకు కొబ్బరినూనె రాసి, సబ్బుతో రెండుసార్లు రుద్దందే గేటు దాటకూడదన్నది కూడా నేను పెట్టిన చట్టమే. కడగని వాళ్ళను చానా తిట్టాను.

నాలుగోది నవ్వుల సినిమా. మ్యాట్నీకి టైమైపోతందని మనవరాలు ఆటో తెచ్చి షెడ్డు ముందు ఆపింది. ఒక్కపూటకు సబ్బు అరగదీయడం దేనికని నీళ్ళతోనే చేతులు తడిపి కొంగుకు తుడుచుకున్నా.

తెర మీద ఒక బక్కోడు అత్తగారికి దొరక్కుండా గోతాంలో దూరాడు. ఆమె వచ్చి దాని మీదే కూర్చొని టీ తాగింది. హాలంతా గొల్లుమంది. సరిగ్గా అప్పుడే నాకు కన్ను దురదపెట్టింది. రుద్దాను. మంట. రెండో కన్ను మాత్రం ఊరుకుంటదా, దాన్నీ రుద్దాను. ఆ తర్వాత గంటన్నర ఏం జరిగిందో చూడలా. కొంగు పిండితే నీళ్ళు కారేటట్టు ఏడిచా.

ఆట వదిలాక రోడ్డు మీద టైలరు భార్య ఎదురుపడింది. షెడ్డులో నా పక్కనే కూర్చొనే మనిషి. నా కళ్ళు చూసి గబగబా వెళ్ళిపోయింది. తెల్లారేసరికి షెడ్డంతా తెలిసింది.

"నిన్నే ఏడిపించిందంటే అది మామూలు సినిమా కాదు పిన్నీ" అన్నది టైలరు భార్య.

చేతులు కడగలేదంటే ఇన్నేళ్ళ తిట్లన్నీ తిరిగి నా నెత్తినే పడతయ్. ఏడిచానంటే పరువు పోద్ది. రెంటిలో ఏడుపే చవగ్గా కనపడింది. గోతాంలోవాడి తల్లి చచ్చిపోయిందని చెప్పా. ఎట్టా అని అడిగారు. పాము కరిచిందన్నా. పోతా పోతా కొడుక్కి గారెలు వండి పెట్టిందని కూడా చెప్పా.

ఆదివారం పదిమంది తువ్వాళ్ళు పట్టుకొని పోయారు. సోమవారం వచ్చి నా చుట్టూ కూర్చున్నారు. పొట్టలు నొప్పి పుట్టేట్టు నవ్వారంట గానీ తల్లి ఎక్కడా కనపడలేదంట. తను సోడాకు పోయినప్పుడు చచ్చిపోయిందేమోనని ఒకామె అనుమానం. టైలరు భార్య మాత్రం ఆ చావు చూడకుండా పోతానేమోనని ఇంటర్వెల్లో కూడా సీటు వదల్లేదంట.

ఇక దాచి లాభం లేదు.

"నేను చేతులు కడగలా" అన్నా.

షెడ్డంతా పగలబడింది. నవ్వి నవ్వి ఒకామె మిరపకాయల కుప్ప మీదికి ఒరిగింది. టైలరు భార్య మాత్రం నవ్వలా.

"ఏడిచావంటే, నువ్వూ మాలాంటిదానివే అనుకున్నా పిన్నీ" అన్నది.

రంగు పోయిన తాలు కాయలు వేరే పెట్టమన్నా. పెట్టింది. కాసేపు తలెత్తకుండా పని చేసి, ఈసారి సినిమాకు తనూ వస్తానంది. నా పక్క సీటే కావాలంట. నిజంగా ఏడిస్తే తన కళ్ళతో చూడాలంట.