గడ్డిఅన్నారం నుంచి తెచ్చిన ఈగల వంశం

కుళ్ళిన అరటిపండు చుట్టూ ముసిరే సన్నటి ఈగలు చాలామందికి ఒకే జాతిలా కనిపిస్తాయి. వాటిలో అక్కచెల్లెళ్ళలాంటి జాతులు కొన్ని ఉన్నాయి. ఆడ ఈగల్ని చూసి ఏది ఏ జాతో చెప్పలేం. మగవాటి ముందుకాళ్ళ మీద దువ్వెన పళ్ళలా ఉండే ముళ్ళ వరుసల్ని మైక్రోస్కోప్‌లో చూసి పోల్చుకోవాలి. అలాంటి రెండు జాతులు ఒకదాని నుంచి ఒకటి పూర్తిగా విడిపోయాయా లేదా అన్నదే నా పరిశోధన.

దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టల్లో ఉంటూ పొద్దున్నే గడ్డిఅన్నారం పళ్ళ మార్కెట్‌కి వెళ్ళేదాన్ని. అక్కడ చెడిపోయిన బత్తాయిలు ఏరే ఒకావిడ, బాగా మాగినవి నాకోసం పక్కన పెట్టేది. నల్లగొండ దగ్గరి పల్లె నుంచి వచ్చిందట. నేను వలతో ఈగల్ని పట్టి సీసాల్లోకి తోస్తుంటే నవ్వేది.

"గీ ఈగలు ఎవరికి పుట్టినయో తెలిస్తె ఏమొస్తది బిడ్డా?"

"ఒక్క తల్లి పిల్లలు ఎట్ల వేరుపడ్డరో తెలుస్తది అమ్మా."

"గది ఈగలనడుగుడెందుకు? నా మరుదులనడుగు, చెప్తరు."

పొలం పంచుకున్నాక ఆ ఇద్దరూ ఒకరి గడప ఒకరు తొక్కడం లేదట.

ఒక్కో తల్లి ఈగ నుంచి ఒక్కో వంశాన్ని ల్యాబ్‌లో పెంచాను. ఈ రెండు జాతుల్ని కలిపితే పుట్టే కూతుళ్ళు గుడ్లు పెడతాయి, కొడుకులు మాత్రం గొడ్డుపోతాయి. ఇంతకుముందు పరిశోధకులందరూ రాసింది అదే. కానీ గడ్డిఅన్నారం నుంచి తెచ్చిన ఒక వంశంలో, అలా కలిపితే పుట్టిన ఇద్దరు ముగ్గురు కొడుకులకు పిల్లలు పుట్టాయి. అంటే ఆ జాతుల మధ్య తలుపు ఇంకా కాస్త తెరిచే ఉందేమో. సంతోషంతో సీసా పట్టుకుని గైడ్ దగ్గరికి పరుగెత్తాను. మా గైడ్ కోస్తా మనిషి, తొందరపడే రకం కాదు.

"ఒక్కసారి చూస్తే చాలదమ్మా. సీసాలోకి వేరే ఈగ దూరి ఉండొచ్చు కదా? మళ్ళీ చేసి చూపించు," అన్నారు.

మళ్ళీ మొదలుపెట్టాను. ఎండాకాలం. రెండు రోజులు వరసగా సెలవులొచ్చాయి. జ్వరంగా ఉండి ల్యాబ్‌కి వెళ్ళలేదు. తిరిగి వెళ్ళేసరికి, ఈగల సీసాల్ని చల్లగా ఉంచే ఇంక్యుబేటర్ ఆగిపోయి ఉంది. తలుపు తీస్తే వేడి మొహానికి కొట్టింది. చాలా ఈగలు సీసాల అడుగున అంటుకుపోయి ఉన్నాయి. బతికినవి గుడ్లు పెట్టాయి గానీ ఒక్కదాంట్లోంచీ పిల్ల రాలేదు. వాటి మీదే ఆశ పెట్టుకుని ఇంకొన్ని వారాలు పోగొట్టుకున్నాను.

మళ్ళీ పట్టుకొద్దామని గడ్డిఅన్నారం వెళ్తే గేట్లు మూసి ఉన్నాయి. మార్కెట్‌ని ఊరి బయటికి తరలించేశారు. బస్సులు మారి కొత్త చోటికి వెళ్ళాను. అక్కడా ఈగలున్నాయి. ఎన్ని వంశాలు పెంచినా కొడుకులన్నీ గొడ్డువే. నేను చూసింది నిజమేనా, సీసా మూయడంలో పొరపాటు చేశానా అని నామీద నాకే అనుమానం మొదలైంది. తేల్చుకునే దారి లేదు.

ఒకరోజు ఎల్బీనగర్ బస్టాప్‌లో, పాత మార్కెట్లో బత్తాయిలు ఏరే ఆవిడే నన్ను గుర్తుపట్టింది. చిక్కిపోయింది.

"కొత్త మార్కెట్‌కి పోతలేవా అమ్మా?"

"అంత దూరం యాడ పోత బిడ్డా, మోకాళ్ళు లేస్తలేవు. నాగోల్‌ల అపార్ట్‌మెంట్ ఊడుస్తున్న. ఎన్నొద్దులు చేస్తనో ఏమో. నీ ఈగలు మంచిగున్నయా?"

"చచ్చిపోయినయ్ అమ్మా."

"అన్నీనా?"

తలూపాను. బస్సొస్తే ఆవిడ కడ్డీ పట్టుకుని మెల్లగా ఎక్కింది.

థీసిస్‌లో ఆ వంశం గురించి ఒక పేరా రాశాను. గైడ్ కొట్టేశారు. వాదించలేదు. చూపడానికి నా దగ్గర ఒక్క ఈగ కూడా లేదు. పట్టా వచ్చింది, ల్యాబ్‌లో ఉద్యోగం రాలేదు. ఇప్పుడు ఒక కోచింగ్ సెంటర్‌లో రోజుకు ఆరు క్లాసులు చెప్తున్నాను.