మేడమ్ మెత్తని మనిషి కాదు

మా మేడమ్ పోయారని పోయిన మంగళవారం పొద్దున్నే ఫోను వచ్చింది. నిద్రలోనే గుండె ఆగిందట. శుక్రవారం నాంపల్లి కోర్టుల దగ్గర ఒక హాల్లో సంతాప సభ పెట్టారు. ఒకప్పుడు మేడమ్‌కూ నాకూ పై అధికారిగా పనిచేసి రిటైరైన పెద్దమనిషి మైకు అందుకుని, "ఆవిడ ఎంతో మృదు స్వభావి. ఎవరినీ నొప్పించి ఎరగరు. ఆరోగ్యం సహకరించక ముందుగానే ఉద్యోగం మానేశారు" అన్నాడు.

మూడూ అబద్ధాలే. ఆ సంగతి తెలిసినవాళ్లు హాల్లో చాలామందే ఉన్నారు. అందరూ తలలూపారు. అందుకే ఇది రాస్తున్నాను.

మేడమ్ కేంద్ర ప్రభుత్వం తరఫున కేసులు వాదించే ప్రాసిక్యూటర్. తొంభైల మొదట్లో నేను ఆమె కింద సహాయకురాలిగా చేరాను. మెదక్ వైపు మిషన్ బడిలో చదివిన మనిషి. కోర్టులో ఇంగ్లీషు, గుమ్మం దాటగానే ఇంటి భాష. నేను మొదటిసారి రాసిచ్చిన కాగితంలో ఒక్క మాట కింద గీత గీశారు.

"'దురదృష్టవశాత్తు' అని రాసినవేంది?"

"ఆ అమ్మాయి చనిపోయింది కదా మేడమ్."

"చనిపోలే, చంపిన్రు. గా మాట చేసినోళ్లకు సాయం చేస్తది. తీసెయ్."

ఆ అమ్మాయి ఒక కేంద్ర కార్యాలయంలో గుమాస్తా. ఉద్యోగుల కోసం నడిచే చిన్న ఆసుపత్రిలో ఆడపిల్లను కన్న మర్నాడు సెలైన్ ఎక్కించారు. అది పాడైన సెలైన్. ఒళ్లంతా వణికి సాయంత్రానికి ప్రాణం పోయింది. అదే వార్డులో మరో ఇద్దరు బాలింతలూ పోయారు. సీసాల్లో నలకలు తేలుతున్నాయని నర్సులు ముందే మొత్తుకున్నారు. ఆ సరుకు పంపింది మంచి పలుకుబడి ఉన్న వ్యాపారి. పరీక్ష చేయించకుండానే బాగుందని సంతకం పెట్టింది ఆసుపత్రి కొనుగోళ్లు చూసే అధికారి. వాళ్లిద్దరూ ముద్దాయిలు.

అమ్మాయి తండ్రికి గౌలిగూడ బస్టాండు దగ్గర సందులో పంక్చర్ల దుకాణం. ప్రతి వాయిదాకూ ఉతికిన చొక్కా తొడుక్కుని వచ్చి, చివరి బెంచీలో కూర్చునేవాడు.

ఆ రోజుల్లో మేడమ్ ఆదివారం చర్చి నుంచి నేరుగా అబిడ్స్ వెళ్లేవారు. పేవ్‌మెంటు మీద పరిచిన పాత పుస్తకాల ముందు, తెల్ల చీర మాసిపోతుందని కూడా చూడకుండా చతికిలబడి, వైద్యం చదివే పిల్లల పుస్తకాలు వెతికేవారు. "సెలైన్ల ఏముంటదో నాకే తెల్వకుంటే గా డాక్టర్ను ఏమడుగుత?" అనేవారు.

అడిగారు. సీసాలు నిక్షేపంగా ఉన్నాయని ముద్దాయిల తరఫున సాక్ష్యం చెప్పడానికి ఒక డాక్టరు వచ్చాడు. మేడమ్ మిగిలిన సీసాల్లో ఒకటి తీసి ఆయన చేతికిచ్చారు. కిటికీ వెలుగులో పెట్టి చూడమన్నారు. ఆయన చూశాడు.

"ఇది మీ ఇంట్లో వాళ్లకు ఎక్కిస్తారా, డాక్టర్?"

ఆయన సీసాను తనకు దూరంగా బల్ల మీద పెట్టేశాడు. అవతలి లాయరు లేచి అభ్యంతరం చెప్పాడు. మేడమ్ ప్రశ్న వెనక్కి తీసుకుని కూర్చున్నారు. బయట ఇరానీ హోటల్లో చాయ్ తాగుతూ, గొంతు పెంచకుండా ఎలా అడిగారని అడిగాను.

"కోపం గొంతుల ఉంటే జడ్జి నన్ను చూస్తడు. ప్రశ్నల ఉంటే వాణ్ని చూస్తడు" అన్నారు.

తుది వాదనలకు ముందు ఆమెను వేరే ఊరికి బదిలీ చేశారు. చేసింది ఆ మైకు పెద్దమనిషే. నేను అదే గదిలో ఉన్నాను.

"నేను పోతే కేసు పోతది సర్" అన్నారు మేడమ్.

"కేసు ప్రభుత్వానిదమ్మా, మీది కాదు. కొత్తాయన చూసుకుంటారు."

"గా పిల్ల తండ్రికి మీరే చెప్పుండ్రి."

ఆయన ఫైలు మూసేశాడు.

మేడమ్ సెలవు పెట్టి, వాదనల రోజు నల్లకోటు లేకుండా కోర్టుకు వచ్చి, చివరి బెంచీలో ఆ తండ్రి పక్కన కూర్చున్నారు. కొత్తాయన కాసేపు మాట్లాడి ముగించాడు. డాక్టరు సంగతి ఎత్తనే లేదు. ముద్దాయిలిద్దరినీ వదిలేశారు.

మెట్ల మీద ఆ తండ్రి అడిగాడు: "మేడమ్, నా బిడ్డ సచ్చిపోయింది గదా. మరి ఎవ్వరు ఏం చెయ్యలే అంటున్రు. గదెట్ల?"

ఎలాంటి ప్రశ్నకైనా తడుముకోని మనిషి ఆ రోజు రెయిలింగు పట్టుకుని నిలబడిపోయారు. ఆ వారంలోనే రాజీనామా ఇచ్చారు. ఆరోగ్యం బాగాలేక కాదు.

ప్రభుత్వం అప్పీలుకు వెళ్లలేదు. మేడమ్ గన్‌ఫౌండ్రీలో ఒక మేడ మీద గది కిరాయికి తీసుకుని, ఆ అమ్మాయి తండ్రి పేరు మీద హైకోర్టులో పిటిషన్ వేశారు. మా ఆఫీసు వాళ్లు ఆమె ఎదురైతే పక్కకు చూసి వెళ్లేవారు. ఏళ్లు గడిచాక హైకోర్టు కేసు మళ్లీ వినమంది. అప్పటికి రెండు వేల సంవత్సరం దాటిపోయింది. వ్యాపారి తన మంచం మీద, తన వాళ్ల మధ్య, సుఖంగా పోయాడు. ధర్మదాత అని పత్రికల్లో రాశారు. అధికారి ఒక్కడికే శిక్ష పడింది.

నేను స్వీట్ల డబ్బా పట్టుకుని గన్‌ఫౌండ్రీకి వెళ్తే మేడమ్ మూత తియ్యనివ్వలేదు.

"తల్లి లేకుంట పెరిగిన పిల్ల గిప్పుడు పదో తరగతికొచ్చింది. గిన్నేండ్లు ఎందుకు పట్టాలె? చెప్పు. స్వీట్లెందుకు?"

డబ్బా అలాగే తిరిగి తెచ్చేశాను. సభలో తలలూపిన వాళ్ల దగ్గర జవాబు ఉందేమో అడగాలి.

కానీ సభకు ముందు, బుధవారం అంత్యక్రియలప్పుడు సమాధుల తోటలో ఒకటి చూశాను. పాస్టరుగారి ప్రార్థన అయ్యాక మట్టి వెయ్యడానికి అందరూ వరుస కట్టారు. అందరికంటే ముందు ఆ పంక్చర్ల పెద్దాయన, మనవరాలి భుజం ఆసరాగా గుంత అంచుకు వెళ్లాడు. చెప్పులు విడిచాడు. వంగి దోసిలి నిండా మట్టి తీసుకున్నాడు. తీసుకుని, వెయ్యలేదు. అలాగే పట్టుకుని నిలబడ్డాడు. వెనకాల కార్లలో వచ్చిన పెద్దవాళ్లంతా ఎండలో ఆగిపోయారు. ఆయన వాళ్లను చూడలేదు. వేళ్ల సందుల్లోంచి మట్టి కొంచెం కొంచెంగా జారుతూనే ఉంది.