వెల్డింగు కొట్లో బావగారి డబ్బాలు

వీధిలో అందరూ ఆవిడని వెల్డింగక్క అంటారు. మొగుడు బతికున్న రోజుల్లో గేటు కమ్మీలు కదలకుండా పట్టుకోవడానికి కొట్లోకి వచ్చింది. ఆయన పోయాక అదే కొట్టు మీద ఇల్లు నడుపుతోంది. కోపం ఆవిడకి ముక్కు మీదే ఉంటుంది. నల్లద్దం ముఖానికి అడ్డం ఉన్నంతసేపూ ఎవరికీ కనపడదు, అంతే.

వెనకగదిలో బావగారుంటారు. మొగుడికి అన్న. రిటైరయ్యాక ఆయనకి లోకం మీద బెంగ పట్టుకుంది. ఎక్కడో ఎవరో కన్న కల, ఇంకెవరో వేసిన లెక్క ఫోన్లోకి వచ్చి పడితే చాలు, వీధి గ్రూపులో గొంతు సవరించుకుంటారు. నెలాఖరుకి సముద్రం పొంగుతుందట, చమురు ఓడలు ఆగిపోతాయట, పెట్రోలు చుక్క దొరకదట. వెల్డింగక్క టీ గ్లాసు ఆయన ముందు ఠక్కున పెట్టి, "ఓడలు తరవాత ఆపుదురుగాని, ముందిది చల్లారిపోతోంది" అంటుంది.

ఆ రోజు పొద్దుటి నుంచి స్కూలు గేటు పని. రవ్వలు చిమ్ముతూనే ఉన్నాయి. రాడ్లు అయిపోతే కొత్త పాకెట్టు కోసం పాత తలుపు వెనక మూలకి వెళ్లి టార్పాలిను లాగింది. దాని నిండా రవ్వలు పడ్డ సూదిమొనంత చిల్లులు, అంచులు ఇంకా వెచ్చగా ఉన్నాయి. కింద నాలుగు మంచినీళ్ల డబ్బాలు. ఒకదాని మూత వదులుగా ఉంటే తీసి వాసన చూసింది. పెట్రోలు.

మూత గట్టిగా బిగించింది. వెళ్లి మెయిన్ స్విచ్చి ఆపింది. నల్లద్దం నెత్తి మీదకి నెట్టుకుని ఒక్క ఊపున వెనకగదిలోకి వెళ్లింది.

బావగారు ఫోను మీద వేలు నొక్కిపెట్టి గ్రూపుకి ఆ పూట హెచ్చరిక చెబుతున్నారు. "...కాబట్టి ఇంట్లో నిలవ పెట్టుకున్నవాళ్లే బతికి బట్టకడతారు..."

"బతుకుతారా బావగారూ? నా వెనకాల పెట్రోలు దాచి, నన్ను నిప్పుల్లో కూర్చోబెట్టి, మీరిక్కడ లోకాన్ని కాపాడుతున్నారా? బుద్ధుందా మీకు?"

ఆయన బిగుసుకుపోయారు. వేలు తీయడం మరిచిపోయారు. "అది కాదమ్మా, కరెంటు పోయినప్పుడు నీ జనరేటరు ఆగిపోకూడదనే... నీ కోసమేనమ్మా."

"నా కోసమా! నేనే లేకపోతే ఆ జనరేటరు పెట్టుకుని మీరు గేట్లు అతుకుతారా? ఇంకొక్క రవ్వ పడుంటే మీ జోస్యం ఇంటి దగ్గరే నిజమయ్యేది! లోకం మునుగుతుందని కబుర్లు, డబ్బా మూత బిగించడం చేతకాదు!"

బావగారి వేలు జారింది. ఫోను టింగుమంది. తిట్లన్నీ వీధంతటికీ చేరిపోయాయి. చెరిపేద్దామని ఆయన తడుముకునేలోగా కింద నవ్వు బొమ్మలు వరస కట్టాయి. ఆయన ముఖం కందగడ్డ అయింది. ఆవిడకి లోపల కాస్త హాయిగానే అనిపించింది, అబద్ధమెందుకు.

ఆ హాయి ఎంతోసేపు నిలవలేదు. గ్రూపులో ఎదురింటి టైలరు గొంతు వినిపించింది. "అక్కా, బావగారి మాట విని మేమూ రెండు డబ్బాలు తెచ్చాం. పిల్లల మంచం కింద ఉన్నాయి. ఏం చేయమంటారు?" వెనకే ఇంకొకరు, "మాది వంటింటి అటక మీద."

 వెల్డింగక్క బావగారి చెప్పులు తెచ్చి ఆయన ముందు పడేసింది.

"లేవండి. ముందు మన డబ్బాలు బయటపెట్టండి. తరవాత ఇల్లిల్లూ తిరగాలి. ఎవరి బళ్లలో వాళ్లచేత పోయించాలి. ఎందుకొచ్చారని అడిగితే మీ నోటితోనే చెప్పాలి."

"అందరూ నవ్వుతారమ్మా."

"నవ్వనివ్వండి. నవ్వడానికి ఇంకా మిగిలున్నారు."

టైలరు గుమ్మం ముందు బావగారు గొంతు సవరించుకున్నారు. మాట మాత్రం రాలేదు. ఆవిడ చేతులు కట్టుకుని, ఆ మాట వచ్చేదాకా పక్కనే నిలబడింది.